డెలివరీ బండ్లకు కంపెనీ బిగించిన మ్యాప్ అవసరమా? డ్రైవర్ ఫోన్ చాలదా?

ఆటోనగర్_అబ్బాయి
మాది విజయవాడ. టైల్స్, శానిటరీ సామాను గోడౌన్ నుంచి షాపులకూ, ఇళ్లు కడుతున్న సైట్లకూ దింపుతాం. డీసీఎం లారీలు మూడు, చిన్న ట్రాలీలు రెండు. ఒక పాత డీసీఎం తీసేసి కొత్తది కొంటున్నాం. షోరూమ్‌లో రెండు మోడళ్లు చూపించారు. ఒకదానికి డ్యాష్‌బోర్డులోనే స్క్రీన్, మ్యాప్ అందులోనే వస్తుందన్నారు. ఇంకోదానికి అవేమీ లేవు. రేటులో తేడా బాగానే ఉంది.

నాన్న ససేమిరా అంటున్నారు. "మేం మ్యాపులు చూసే లోడ్లు దింపామా? అద్దం దించి పాన్ షాపులో అడిగితే చెప్పరూ?" అని. డ్రైవర్లు మాత్రం స్క్రీన్ ఉన్న బండే కావాలంటున్నారు. మా పెద్ద డ్రైవర్ సూటిగా అడిగాడు: "ఫోన్ నాది, డేటా నాది, లోడు మీది. ఇదేం లెక్క బాబూ?"

పోయిన నెల ఏలూరు అవతల ఒక సైటుకి వెళ్లిన బండి డ్రైవర్‌కి దారిలో ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. పార్టీ నంబరు కూడా ఆ ఫోన్లోనే. అడుక్కుంటూ వెతుక్కుంటూ చేరేసరికి హమాలీలు వెళ్లిపోయారు. రాత్రంతా లోడుతో అక్కడే పడుకున్నాడు. మర్నాటి లోడ్లు కూడా వెనకబడ్డాయి.

బండ్లు తిప్పేవాళ్లు, నడిపేవాళ్లు చెప్పండి. లోపల బిగించిన మ్యాప్ నిజంగా పనికొస్తుందా?

కోదాడ_క్రాస్‌రోడ్స్
అక్కర్లేదు. ఆ డబ్బుతో టైర్లు వేయించండి. ఫోన్లో మ్యాప్ ఎప్పటికప్పుడు మారుతుంది, బండిలోది కొన్న రోజు దగ్గరే ఆగిపోతుంది. మా బావమరిది కారులో ఉన్న మ్యాప్‌కి సూర్యాపేట–ఖమ్మం నాలుగు వరుసల రోడ్డు తెలియదు. ఆ రోడ్డు మీద వెళ్తుంటే బండి పొలాల్లో పోతున్నట్టు చూపిస్తుంది.

తణుకు_తమ్ముడు
పొలాల్లో పోతున్నట్టు చూపిస్తే ఎరువుల లోడు వేసి పంపండి అన్నా, నేరుగా రైతు దగ్గరే దింపొచ్చు :)

డీసీఎం_దాసు
నేను డ్రైవర్ని. హైదరాబాద్ నుంచి కోస్తా వైపు పెయింట్లు, ఎలక్ట్రికల్ సామాను వేస్తాను. కోదాడ అన్న చెప్పింది కారు సంగతి, బండి సంగతి వేరు.

మే నెలలో మధ్యాహ్నం పూట ముందు అద్దం దగ్గర ఫోన్ పెట్టి చూడండి. పైనుంచి ఎండ, కింద నుంచి ఇంజన్ వేడి, పక్కన చార్జింగ్ వైరు. ముందు స్క్రీన్ మసకబారుతుంది, తర్వాత చల్లబడేదాకా ఆగమని రాసి మొత్తం బంద్ అయిపోతుంది. హైవే మీద బంద్ అయితే నాకేం బాధ లేదు. 65వ నంబరు హైవే మీద విజయవాడకి దారి నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నాకు మ్యాప్ కావాల్సింది ఆఖరి రెండు మూడు కిలోమీటర్లకే, ఊళ్లోకి దిగాక.

ఫోన్లు మోగేది కూడా అప్పుడే. గోడౌన్ నుంచి సారు, "ఎక్కడున్నావ్". పార్టీ, "ఇంకెంతసేపు". హమాలీ మేస్త్రీ, "మేం వెళ్లిపోతున్నాం". రింగవగానే మ్యాప్ మీద పేరు, పచ్చ బటన్, ఎర్ర బటన్ వచ్చి పడతాయి. కుడికా ఎడమకా అని చెప్పే గొంతు ఆగిపోతుంది. ఎత్తకపోతే తిట్లు, ఎత్తితే సందు దాటిపోతుంది. కారైతే వెనక్కి తిప్పుకుంటారు. లోడు బండిని ఆ ట్రాఫిక్‌లో ఎక్కడ తిప్పను?

దింపాక ఫొటో తీయాలి, సంతకం పెట్టిన చలానా వాట్సాప్ చేయాలి, ఓటీపీ చెప్పాలి. అన్నిటికీ అదే ఫోన్. సాయంత్రానికి చార్జింగ్ ఉంటే నా అదృష్టం. నాకు ఫోన్ కావాలి, మ్యాప్ కావాలి. రెండూ ఒకదాంట్లోనే వద్దు.

ఆటోనగర్_అబ్బాయి
దాసన్నా, కంపెనీ తరఫున రెండో ఫోన్ ఇస్తే? స్క్రీన్ అవసరం తప్పుతుందా?

డీసీఎం_దాసు
చాలా వరకు తప్పుతుంది. వేడి మాత్రం దానికీ ఒకటే.

లెక్కల_మాస్టారు
నాది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్స్ పని. కంపెనీ స్క్రీన్ పాడైతే డ్యాష్‌బోర్డు విప్పాలి, పార్టు రావాలి, బండి షెడ్డులో నిలబడాలి. బండి నిలబడిన రోజు కిరాయి పోతుంది, వాయిదా ఆగదు. అదే 8 అంగుళాల టాబ్లెట్ పాడైతే సాయంత్రం ఇంకోటి పెట్టేస్తాం. ఓనర్ సిమ్ వేసి టాబ్లెట్ ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం.

తెనాలి_తిరగలి
స్టాండులో ఫోన్ పెట్టి మ్యాప్ చూస్తుంటే ఫైన్ వేస్తారా? మా ఊరి దగ్గర ఒకాయన్ని ఆపారు.

రూల్_బుక్
2020 అక్టోబర్ 1 నుంచి రూల్ మారింది. డ్రైవర్ ధ్యాస చెదరకుండా, దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ లాంటివి వాడొచ్చు. చేత్తో పట్టుకుని మాట్లాడుతూ నడిపితే మొదటిసారికి జరిమానా 5,000 రూపాయల దాకా ఉంది. స్టాండులో మ్యాప్ వేరు, చేతిలో కాల్ వేరు. ఆ రూల్ కాపీ ఫోన్లో ఉంచుకోమనండి.

గుంటూరు_గోంగూర
లోపల బిగించారా బయట బిగించారా అన్నది రెండో ప్రశ్న. ఆ మ్యాప్‌కి లారీ అంటే ఏమిటో తెలుసా? ఫోన్లో కారు ఉంది, బైకు ఉంది, నడక ఉంది. మన దగ్గర లారీ ఎక్కడుంది?

పాత గుంటూరు సందుల్లోకి డీసీఎం వెళ్తే ఎలా ఉంటుందో చూశారా? రెండు వైపులా అద్దాలు లోపలికి మడుస్తారు. క్లీనర్ లోడు మీద కప్పిన పట్టా మీదకెక్కి కర్ర పట్టుకుని నిలబడతాడు. కేబుల్ వైరు వచ్చినప్పుడల్లా కర్రతో పైకి ఎత్తి "పోనీ, పోనీ" అంటాడు, క్యాబిన్ దాటగానే ఇంకో వైరు. కరెంటు వైరేదో కేబుల్ వైరేదో వాడే చూసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండని కుర్రాళ్లతో కూడా ఈ పని చేయిస్తున్నారు. మ్యాప్‌కి అది నీలం గీత, అంతే. కారుకి దగ్గర దారి అని లారీని అందులోకి తోసేస్తుంది. అటువంటి మ్యాప్‌ని ఎంత ఖరీదైన స్క్రీన్‌లో పెడితే మాత్రం ఏం లాభం?

కోదాడ_క్రాస్‌రోడ్స్
ఇది నిజం. గోంగూర గారి మాటకి నా ఓటు.

మ్యాప్_మనోహరం
కొంచెం మార్పు వచ్చింది. 2024 జులైలో గూగుల్ మ్యాప్స్ మన దేశంలో 8 నగరాల్లో నాలుగు చక్రాల బండ్లను ఇరుకు రోడ్ల నుంచి తప్పించే ఏర్పాటు పెట్టింది. అందులో హైదరాబాద్ ఉంది. ఫ్లైఓవర్ ఎక్కాలో కింద నుంచి వెళ్లాలో చెప్పే ఏర్పాటు 40 నగరాలకు అన్నారు.

గుంటూరు_గోంగూర
8 నగరాల్లో విజయవాడ, గుంటూరు లేవుగా. అదీ కారుకి ఇరుకా కాదా అని చూస్తుంది. బండి వెడల్పు, ఎత్తు, లోడు బరువు అడగదు.

బెంజిసర్కిల్_బాబీ
ఆ ఫ్లైఓవర్ మాటొక్కటే చాలు నాకు. బెంజి సర్కిల్ దగ్గర పైకి ఎక్కాలో కింద ఉండాలో తేలేలోపు పైకి ఎక్కేసి ఉంటాం. పైన ఉన్నా కింద ఉన్నా శాటిలైట్‌కి ఒకే చుక్క కదా. హైదరాబాద్ ఓఆర్ఆర్ ఇంకా నయం, బోర్డులు పెద్దవి. ఎగ్జిట్ తప్పిందంటే మాత్రం తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్లాల్సిందే. డీజిల్ ఓనర్‌ది, తిట్లు డ్రైవర్‌వి.

క్యారీ_కృష్ణ
నేను అమెరికాలో, నార్త్ కరొలినాలో ఉంటాను. సరుకు రవాణా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే పని. ఇక్కడ లారీలకు ప్రత్యేకంగా నావిగేషన్ పరికరాలు అమ్ముతారు. గార్మిన్, ర్యాండ్ మెక్‌నాలీ వాళ్లవి డ్రైవర్లలో బాగా తెలిసినవి. మొదట బండి ఎత్తు, పొడవు, బరువు, ప్రమాదకరమైన సరుకు ఉందా లేదా అన్నీ ఎక్కించాలి. దాన్నిబట్టి దారి ఇస్తుంది. ఎందుకు కావాలో చెప్తాను.

మాకు దగ్గర్లో డర్హమ్ ఊళ్లో గ్రెగ్సన్ స్ట్రీట్ మీద ఒక రైలు వంతెన ఉంది. ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు ఉండేది. బండి ఎత్తు ఎక్కువైతే పసిగట్టి సిగ్నల్ ఎర్రగా మారుతుంది, పక్కకి తిరగమని పెద్ద అక్షరాల బోర్డు వెలుగుతుంది. అయినా పెట్టె లారీలు వచ్చి గుద్దుకుంటూనే ఉండేవి, పై రేకు మొత్తం వలుచుకుపోయేది. 2019లో వంతెనని 8 అంగుళాలు పైకి లేపారు. ఇప్పటికీ తగులుతున్నాయి. గుద్దేవాటిలో చాలా వరకు ఇల్లు మారడానికి అద్దెకు తీసుకున్న లారీలు. నడిపేవాళ్లు రోజూ కారు నడిపేవాళ్లు, చేతిలో ఉన్నది కారు మ్యాప్.

డెలివరీ విషయానికొస్తే, యూపీఎస్ అనే పార్సిల్ కంపెనీ వాళ్ల దగ్గర ఓరియన్ అనే వ్యవస్థ ఉంది. ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లు అన్న వరస అది ఇస్తుంది. 2018 చివర్లో దానికి మలుపు మలుపుకీ చెప్పే నావిగేషన్ కూడా చేర్చారు. రోడ్డు మీద నుంచి కనపడని సరుకు దింపే చోటికి కూడా దారి చూపేలా చేశారు. దాసు గారు చెప్పిన ఆఖరి కిలోమీటర్ల సమస్య అక్కడా అదే. అందుకే నా ఓటు లోపల బిగించిన దానికే, కాకపోతే లారీ కోసం తయారైన మ్యాప్ అయ్యుండాలి.

తణుకు_తమ్ముడు
ఆ వంతెన వీడియోలు నేనూ చూశాను. అరగంట దాకా ఫోన్ కింద పెట్టలేదు.

పత్తి_లోడు
కృష్ణ గారూ, మీ దగ్గర పెట్టె లారీ ఎత్తు ఎప్పుడూ ఒకటే. మాది ఆదిలాబాద్, పత్తి వేస్తాం. ఖాళీ బండి ఎత్తు వేరు, పత్తి నింపి తాడు బిగించాక ఎత్తు వేరు. ఇవాళ బేళ్లు, రేపు విడి పత్తి, ఎల్లుండి సోయా బస్తాలు. కంపెనీవాడు ఎత్తు ఒకసారి ఎక్కించి ఇస్తే ఏ లోడుకి సరిపోతుంది? ప్రతి లోడుకీ డ్రైవర్ దిగి కొలిచి నొక్కాలి. ఎవరు కొలుస్తారు?

క్యారీ_కృష్ణ
నిజమే. ఇక్కడ కూడా ఫ్లాట్ ట్రైలర్ మీద యంత్రాలు వేసుకెళ్లేవాళ్లు ప్రతిసారీ కొలుస్తారు. లోడింగ్ దగ్గర ఒక కొలకర్ర ఉంచితే చాలు కదా?

పత్తి_లోడు
కర్ర ఉంటుంది. లోడింగ్ అయ్యేసరికి రాత్రి అవుతుంది, వెనక ఇంకో బండి హారన్ కొడుతుంటుంది. అయినా మీరన్నది పనికిరాదని కాదు. కొలిచే అలవాటు రావాలి. మా ఊరి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి ముందు ఇనుప గేజు ఉంది. లోడు బండి అక్కడిదాకా వచ్చి గేజు చూసి వెనక్కి వెళ్లడం, వెనక ఉన్న ఆటోలన్నీ పక్కకి జరగడం రోజూ ఉండేదే. ఆ గేజు మీద రాసిన ఎత్తు మ్యాప్‌లోకి ఎక్కితే డ్రైవర్ అక్కడిదాకా రానే రాడు. రైల్వే దగ్గర ఆ ఎత్తులన్నీ ఉంటాయి. అందరికీ ఇచ్చేస్తే మ్యాప్ కంపెనీలు ఎక్కించుకోవా?

గుంటూరు_గోంగూర
పత్తి అన్నా, ఇది అసలు మాట. దీని మీద రవాణా సంఘాలు గట్టిగా అడగాలి. వానొస్తే మా ఊళ్లో మూడు వంతెనల కింద నీళ్లు నిలుస్తాయి. ఆ సంగతి కూడా చెప్పే మ్యాప్ కావాలి.

నల్లమల_నేస్తం
టైమింగులు కూడా. హైదరాబాద్ నుంచి దోర్నాల, మార్కాపురం వైపు లోడు అంటే మ్యాప్ శ్రీశైలం మీదుగా చూపిస్తుంది. మన్ననూరు దగ్గర అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, పులుల అడవి కాబట్టి. సాయంత్రం లోడు ఎత్తి బయల్దేరితే గేటు దగ్గరే తెల్లవారుతుంది. కొత్త డ్రైవర్లు వచ్చి గేటు తీయమని గొడవపడతారు. తీయరు, తీయకూడదు కూడా. నా ఫోన్లో మ్యాప్ ఈ గేటు సంగతి ఒక్కసారీ చెప్పలేదు, తెల్లవారుజామున చేరతావని చల్లగా చూపించింది.

బెంజిసర్కిల్_బాబీ
హైదరాబాద్‌లో పగలు లారీలకు నో ఎంట్రీ ఉన్న రోడ్లు కూడా ఇంతే. మ్యాప్ పంపిస్తుంది, ట్రాఫిక్ పోలీస్ ఆపుతాడు.

మున్నేరు_ఒడ్డు
ఇందాక ఎవరో బండిలో మ్యాప్ పాతదైపోతుందన్నారు. నెట్ లేని మ్యాప్ ఎంత ప్రమాదమో 2024 సెప్టెంబర్ 1న చూశాం. నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు నీళ్లు హైవే మీదకి వచ్చేశాయి, విజయవాడ–హైదరాబాద్ రోడ్డు ఆగిపోయింది. పోలీసులు బండ్లను గుంటూరు, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా మళ్లించారు. ఆ రోజు ముందే తెలిసినవాళ్లు ఆ దారి పట్టారు. తెలియనివాళ్లు లారీల వరసలో చిక్కుకుని క్యాబిన్లోనే వండుకు తిన్నారు. మా ఊరివాళ్లు పులిహోర పొట్లాలు తీసుకెళ్లి ఇచ్చారు. కాబట్టి ఏ మ్యాప్ అయినా సరే, అప్పటికప్పుడు రోడ్డు పరిస్థితి చెప్పేది కావాలి.

కోదాడ_క్రాస్‌రోడ్స్
అందుకే ఫోన్ అంటున్నాను.

తెనాలి_తిరగలి
ఫోన్ మ్యాప్‌నీ గుడ్డిగా నమ్మకూడదు. 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లో రామ్‌గంగ మీద తెగిపోయి ఉన్న వంతెన ఎక్కి కారు కింద పడింది, ముగ్గురు పోయారు. మ్యాప్ చూసుకుంటూనే వెళ్లారట.

రూల్_బుక్
అక్కడ వరదకి వంతెన ముందే కోసుకుపోయింది. రోడ్డుకి అడ్డంగా గట్టి కట్టడం లేదు, హెచ్చరిక లేదు. తప్పంతా మ్యాప్ మీదే వేస్తే రోడ్డు చూసుకోవాల్సిన శాఖలు తప్పించుకుంటాయి. రాత్రిపూట బండి నడిపేవాడికి రోడ్డు మీద రెండు డ్రమ్ములు, ఒక ఎర్ర లైటు ఉన్నా ప్రాణం దక్కేది.

డీసీఎం_దాసు
రూల్ బుక్ గారు చెప్పింది ముమ్మాటికీ నిజం.

ఫ్లీట్_పార్వతి
నేను ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో బండ్ల కదలికలు చూస్తాను. ఓనర్లు చాలామంది "మా బండికి జీపీఎస్ ఉంది, ఇంకా మ్యాప్ ఎందుకు" అంటారు. ఆ జీపీఎస్ ఎవరికి పనికొస్తుందో చూడండి. టాటా వాళ్లది ఫ్లీట్ ఎడ్జ్, అశోక్ లేలాండ్ వాళ్లది ఐ-అలర్ట్, మహీంద్రా వాళ్లది ఐమాక్స్. బండి ఎక్కడుందో, ఎంత డీజిల్ తాగిందో, ఎక్కడ గట్టిగా బ్రేక్ కొట్టారో అన్నీ నా స్క్రీన్ మీద కనిపిస్తాయి. డ్రైవర్‌కి ఏ సందులో తిరగాలో చెప్పదు. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం బిగించే ఏఐఎస్-140 జీపీఎస్ పెట్టె కూడా అంతే, బండి జాడ పైకి పంపడానికి. అంటే బండి తప్పుదారి పట్టిందని ఆఫీసులో కూర్చున్న నాకు మొదట తెలుస్తుంది. అప్పుడు ఫోన్ చేస్తాం, దాసన్న చెప్పినట్టు సరిగ్గా మలుపు దగ్గర!

మా ఆఫీసులో నేను ఒక పద్ధతి పెట్టాను. బండి ఊళ్లోకి దిగాక ఎవరూ డ్రైవర్‌కి ఫోన్ చేయకూడదు. పార్టీకి, హమాలీ మేస్త్రీకి బండి ఎక్కడుందో మేమే చెప్తాం. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇంకో సంగతి. దూరం బండ్లకు ఈ-వే బిల్లు, అంటే సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ పత్రం, గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన ఇస్తారు. దారి తప్పి, గేటు దగ్గర ఆగి, రాత్రి గడిపితే గడువు దాటిపోతుంది. గడువుకి 8 గంటల ముందు నుంచి 8 గంటల తర్వాత దాకా పొడిగించుకోవచ్చు, కానీ ఆ సంగతి డ్రైవర్‌కి గుర్తుండాలి, ఆఫీసులో ఎవరో మేలుకుని ఉండాలి. మ్యాప్ ఖర్చు దండగ అనేవాళ్లు గడువు దాటితే పడే జరిమానా కూడా లెక్కలో వేసుకోవాలి.

డీసీఎం_దాసు
పార్వతి గారూ, ఊళ్లోకి దిగాక ఫోన్ చేయొద్దన్న ఒక్క మాటకే మీ కంపెనీలో చేరాలనిపిస్తోంది.

ఫ్లీట్_పార్వతి
ఖాళీ ఉన్నప్పుడు తప్పకుండా చెప్తాను దాసన్నా :)

కావలి_కోడలు
మా ఆయన 12 టైర్ల లారీ మీద ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్తారు. ఐదో తరగతి దాకానే చదివారు. అక్కడ ఊరి పేర్లు ఒడియాలో ఉంటాయి, అడిగితే వాళ్లు చెప్పేది సగమే అర్థమవుతుంది. ఫోన్ తెలుగులో "కుడివైపు తిరగండి" అని చెప్తుంటే ఆయనకి ఎంతో ధైర్యం. ముందు ప్రతి ఊళ్లో దిగి అడిగేవారు, రాత్రిపూట అలా దిగితే నాకు టెన్షన్‌గా ఉండేది.

షోరూమ్‌లో చూపించే స్క్రీన్ తెలుగులో మాట్లాడుతుందో లేదో ముందు కనుక్కోండి. మా మరిది బండిలో ఉన్నది హిందీ, ఇంగ్లిష్ మాత్రమే చెప్తుంది. దాని గొంతు మూసేసి మళ్లీ ఫోనే పెట్టుకుంటాడు.

ఆటోనగర్_అబ్బాయి
ఇది చాలా ముఖ్యమైన మాట అక్కా. రేపే షోరూమ్‌కి వెళ్లి అడుగుతాను.

లెక్కల_మాస్టారు
అడ్రసుల గొడవ ఎవరూ ఎత్తలేదు. "రామాలయం వెనక, వాటర్ ట్యాంకు దాటాక" అని బిల్లు మీద రాస్తే ఏ మ్యాప్ వెతుకుతుంది?

మ్యాప్_మనోహరం
దానికోసమే తపాలా శాఖ 2025లో డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్ఆర్ఎస్సీ) కలిసి చేశారు. దేశాన్ని దాదాపు 4 మీటర్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి 10 అక్షరాల కోడ్ ఇచ్చారు. కొత్తగా కడుతున్న ఇంటికి డోర్ నంబరు లేకపోయినా కోడ్ ఉంటుంది. టైల్స్ డెలివరీకి బాగా పనికొస్తుంది.

బెంజిసర్కిల్_బాబీ
సైటు మేస్త్రీ పది అక్షరాలు ఫోన్లో చెప్తే డ్రైవర్ రాసుకోవాలా? వాట్సాప్ లొకేషన్ చాలు.

డీసీఎం_దాసు
వాట్సాప్ లొకేషన్‌తో ఒక చిక్కుంది. పార్టీ ఇంట్లో సోఫాలో కూర్చుని తన లొకేషన్ పంపుతాడు. బండి వాళ్లింటికి వెళ్తుంది, సైటు ఊరి అవతల. సైటు దగ్గర నిలబడి, బండి ఆగే చోటు నుంచే పంపమని ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పాలి. లారీ గేటు వెనక వైపు ఉంటే ఆ సంగతి కూడా.

ఫ్లీట్_పార్వతి
అవును. ఆ చోటుని ఆఫీసులో భద్రపరిస్తే రెండోసారి వెళ్లే డ్రైవర్ ఎవరైనా సరే అడగక్కర్లేదు. యూపీఎస్ గురించి కృష్ణ గారు చెప్పిన పనిని మనం ఒక రిజిస్టర్‌తోనైనా మొదలుపెట్టొచ్చు.

ఆటోనగర్_అబ్బాయి
షోరూమ్‌కి వెళ్లొచ్చాను, నాన్ననీ పెద్ద డ్రైవర్‌నీ తీసుకెళ్లాను. ఆ స్క్రీన్‌లో సొంత మ్యాప్ లేనే లేదు! డ్రైవర్ ఫోన్‌కి వైరు తగిలిస్తే ఫోన్లో ఉన్న మ్యాప్ పెద్దగా కనిపిస్తుంది, అంతే. ఫోన్ లేకపోతే పాటలు, వెనక కెమెరా. డేటా ఫోన్‌దే, చార్జింగ్ ఫోన్‌దే, కాల్ వస్తే స్క్రీన్ మీదా కాలే. బండి ఎత్తు, బరువు ఎక్కించే చోటే లేదు. సేల్స్ కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, మేం అడిగాం కాబట్టి చెప్పాడు.

కోదాడ_క్రాస్‌రోడ్స్
దానికా అంత రేటు!

క్యారీ_కృష్ణ
కొనేముందు ఫోన్ తీసేసి దారి అడిగి చూడటం మంచి పరీక్ష. ఇలాంటి స్క్రీన్లు ఇక్కడి కార్లలోనూ ఎక్కువే. అలాగైతే నా ఓటు మాస్టారి టాబ్లెట్‌కి మారుస్తున్నాను. లారీల మ్యాప్ మన దగ్గరికి వచ్చినప్పుడు అందులోనే ఎక్కించుకోవచ్చు.

పత్తి_లోడు
వెనక కెమెరా మాత్రం వదలొద్దు. సైటులో రివర్స్ చేసేటప్పుడు పిల్లలు వెనక ఆడుకుంటుంటారు. అది విడిగానైనా బిగించండి.

ఆటోనగర్_అబ్బాయి
కెమెరా విడిగా వేయిస్తున్నాం అన్నా. స్క్రీన్ లేని మోడల్ బుక్ చేశాం. బండి బండికీ ఒక టాబ్లెట్, సిమ్ మా పేరు మీద. పాత బండ్లకు కూడా. నాన్న ఒప్పుకున్నారు. ఆయనే పార్టీల సైట్లన్నీ తిరిగి, లారీ ఎక్కడ ఆగుతుంది, ఎటు నుంచి వెళ్తే వైర్లు తగలవు అన్నది పుస్తకంలో రాయిస్తానంటున్నారు. ఆయనకి తెలిసినన్ని సందులు మాలో ఎవరికీ తెలియవు. బండి ఊళ్లో ఉన్నప్పుడు ఫోన్ చేయకూడదన్న పద్ధతి ఇవాళ్టి నుంచే పెట్టాం.

దాసన్నా, టాబ్లెట్ ఎక్కడ బిగించాలి?

డీసీఎం_దాసు
ముందు అద్దానికి అంటించొద్దు, ఎండ పడుతుంది, ఎడమ వైపు వచ్చే బైకులు కనపడవు. స్టీరింగ్‌కి ఎడమ పక్కన, డ్యాష్‌బోర్డుకి కిందుగా, ఏసీ గాలి తగిలే చోట పెట్టించండి. 2025 నుంచి కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు కదా, మీ కొత్త డీసీఎంకి ఉంటుంది. పాత బండ్లకు పైన చిన్న రేకు నీడలా వంచి పెట్టిస్తే చాలు. చార్జింగ్ సిగరెట్ లైటర్ నుంచి తీయొద్దు, గుంటలో పడ్డప్పుడల్లా ఊడుతుంది. ఎలక్ట్రీషియన్‌తో ఫ్యూజు పెట్టించి విడిగా వైరు లాగించండి. ఆటోనగర్‌లోనే ఉన్నారు, గంటలో పని.

తెనాలి_తిరగలి
ఆ పుస్తకంలో తెనాలి సైట్లు రాసేటప్పుడు నాకు చెప్పండి. మా వీధి దగ్గర కాలవ గట్టు రోడ్డు మీద లోడు బండి రానీయొద్దు, ఒక పక్క కుంగి ఉంది. స్టేషన్ వైపు నుంచి తిప్పి తేవాలి.